పాత కారు రేకును తుప్పు లోపలి నుంచి తింటుంది

(కోనసీమలో పాత కార్ల యజమానులు, టింకరింగ్ (కారు రేకు బాగుచేసే) పని నేర్చుకుంటున్న యువకులు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది.)

సభకు వచ్చిన పెద్దలకు నమస్కారం. వెనక వరుసల్లో కూర్చున్న తమ్ముళ్లకు కూడా నమస్కారం. ఈ రోజు నేను చెప్పబోయేదాంట్లో ఎక్కువ భాగం మీ కోసమే కాబట్టి, వీలైతే ముందుకు వచ్చి కూర్చోండి. బల్ల మీద పెట్టిన అంబాసిడర్ తలుపు అక్కడి నుంచి మీకు సరిగా కనిపించదు.

నేను చెప్పదలచుకున్న మాట ఒక్కటే. దాన్ని మొదటే చెప్పేస్తాను, ఆ తరవాత ఎన్నిసార్లు చెప్పినా విసుక్కోకండి. పాత కారు రేకును తుప్పు లోపలి నుంచి తింటుంది. బయట మనకు కనిపించే పొక్కు దాని మొదలు కాదు, చివర. అందువల్ల రేకు పని చేసే మనిషి సుత్తి పట్టుకునే ముందు అడగవలసిన ప్రశ్న, ఈ చిల్లును ఎలా పూడ్చాలి అన్నది కాదు. ఇక్కడికి నీరు ఎటు నుంచి వచ్చింది, వచ్చిన నీరు ఎందుకు బయటికి పోలేదు అన్నదే ఆ ప్రశ్న. దీనికి సమాధానం దొరకకుండా ఎంత అందంగా రేకు అతికించినా, రెండు మూడు వర్షాకాలాలు గడిచేసరికి ఆ పొక్కు అదే చోట మళ్లీ లేస్తుంది.

ఇనుము తుప్పు పట్టాలంటే నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి. వాటికి ఉప్పు తోడైతే ఆ పని ఎన్నో రెట్లు వేగంగా జరుగుతుంది. వానే పడాలని లేదు. గాలిలో తేమ అరవై శాతం దాటితే చాలు, శుభ్రం చేయని రేకు మీద కంటికి కనపడని నీటి పొర నిలిచి తుప్పు సాగుతూనే ఉంటుంది. మరి మన డెల్టాలో తేమ అరవై శాతానికి దిగువన ఉండే రోజులు ఎన్ని? ఒక పక్క సముద్రం, రెండు పక్కల గౌతమి, వసిష్ఠ, మధ్యలో కాలువలు, వరి చేలు, చెరువులు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఈ నేలకు అన్నం పెడుతున్న నీరే ఇక్కడి ఇనుముకు శత్రువు. రాయలసీమలో ఆరుబయట ఇరవై ఏళ్లు నిలబడిపోయిన కారు రేకును, మలికిపురం వైపు అంతే కాలం పాకలో దాచిన కారు రేకును పక్కపక్కన పెట్టి చూస్తే, ఎండలో ఉన్నదానికి రంగు పోయి ఉంటుంది, నీడలో దాచినదానికి రేకే పోయి ఉంటుంది.

ఇంకొక సంగతి ఉంది, దీన్ని యజమానులు శ్రద్ధగా వినాలి. అంతర్వేది, సఖినేటిపల్లి, అల్లవరం, కాట్రేనికోన వైపు చాలాచోట్ల బోరు నీరు ఉప్పగా ఉంటుంది. రొయ్యల చెరువులు తవ్విన చోట్ల చుట్టుపక్కల నీరు కూడా అలాగే తయారైంది. బండి మీద ప్రేమతో ఆ నీటితోనే రోజూ కడుగుతారు. పైన గుడ్డతో తుడుస్తారు, కాని తలుపు లోపలికి, మడ్‌గార్డు మడతలోకి వెళ్లిన నీటిని ఎవరు తుడుస్తారు? అది ఆరిపోయి ఉప్పును అక్కడే వదిలిపెడుతుంది. ఆ ఉప్పు గాలిలోని తేమను లాగుతూ రేకును ఎప్పుడూ తడిగా ఉంచుతుంది. కాలువ నీరు గాని, వాన నీరు గాని పట్టి ఉంచుకుని కడగండి. అవి దొరకకపోతే తడిగుడ్డతో తుడిచి ఊరుకోండి, అంతేగాని ఉప్పునీటి పైపు మాత్రం బండి మీద పెట్టకండి.

ఇప్పుడు పరీక్ష సంగతికి వస్తాను. బండిని కొనేటప్పుడు గాని, పనికి దించుకునేటప్పుడు గాని రంగు చూసి మోసపోవద్దు. పలచని గుడ్డలో చిన్న అయస్కాంతాన్ని చుట్టి రేకు మీద జరుపుతూ వెళ్లండి. పట్టు సడలిన చోట రంగు కింద పుట్టీ (పల్లాలు పూడ్చే ముద్ద) మందంగా ఉన్నట్టు, లేదా అక్కడ అసలు రేకే లేనట్టు. తరవాత వేలి కణుపుతో తట్టండి. మంచి రేకు ఖంగుమంటుంది, పుట్టీ మొద్దుగా పలుకుతుంది. తలుపుల అడుగు అంచులు, తలుపుల కింద పొడవునా సాగే బాక్స్ సెక్షన్ (లోపల డొల్లగా ఉండే రేకు పెట్టె), జాకీ పెట్టే చోటు, కాళ్ల దగ్గర ఫ్లోరు మూలలు, డిక్కీలో స్టెప్నీ కింద, హెడ్‌లైటు వెనక మడ్‌గార్డు లోపలి మడత, ముందు అద్దం రబ్బరు కింద, ఈ చోట్లను వదలకండి. కొబ్బరి చెట్ల కింద నిలబెట్టిన బండి అయితే బానెట్ అంచులు, అద్దం కింది కాలవలు ఇంకా జాగ్రత్తగా చూడాలి. రాలిన పూత, పీచు అక్కడ చేరి నీటిని పట్టి ఉంచుతాయి. మ్యాట్లు ఎత్తి చూడకుండా ఫ్లోరు బాగుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

వరదలో మునిగిన బండ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 1986 ఆగస్టు గోదావరి వరద, 1996 నవంబరు 6 నాటి తుపాను ఇక్కడున్న పెద్దలందరికీ గుర్తే. అలా నీట మునిగిన బండికి ఇంజను దించి బాగుచేయిస్తారు, సీట్లు మార్పిస్తారు, అక్కడితో అయిపోయిందనుకుంటారు. కాని ఒండ్రు మట్టి ఎక్కడికి పోయింది? అలాంటి ఒక అంబాసిడర్‌కు తలుపు కింది బాక్స్ సెక్షన్ కోసి తెరిచినప్పుడు నేను చూసింది చెబుతాను. బయటి రేకుకు రంగు నిగనిగలాడుతూనే ఉంది. లోపల మాత్రం మూడు వేళ్ల మందాన ఒండ్రు గట్టిపడి, అడుగున ఇంకా చెమ్మగా ఉంది. ఆ మట్టిని పెళ్లగిస్తే దానితోపాటు రేకు పెచ్చులు పెచ్చులుగా, పుస్తకంలో ఆకుల్లా విడివడి వచ్చింది. అంత తుప్పులో మిగిలిన అసలు ఇనుము ఎంతో తెలుసా? కాగితమంత. తుప్పు తాను తిన్న ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే అది మడతల మధ్య చేరినప్పుడు రెండు రేకులను విడదీసి, వాటిని చుక్కలు చుక్కలుగా కలిపిన స్పాట్ వెల్డింగులను కూడా ఊడదీస్తుంది. అతుకు దగ్గర రేకు ఉబ్బినట్టు కనిపిస్తే లోపల జరుగుతున్నది ఇదే.

కోయడం మొదలుపెట్టే ముందు, మీ ముందున్న బండి ఏ తరహా బండో తెలుసుకోండి. జీపుకు, స్టాండర్డ్ హెరాల్డ్‌కు కింద విడిగా ఛాసిస్, అంటే ఇనుప చట్రం, ఉంటుంది. బాడీ రేకు పోయినా బరువు మోసేది ఛాసిసే. అంబాసిడర్‌కు, ప్రీమియర్ పద్మినికి అలా కాదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచి వచ్చిన అంబాసిడర్‌లో బాడీయే బరువు మోస్తుంది. తలుపు కింది బాక్స్ సెక్షన్ అక్కడ అలంకారం కాదు, వెన్నెముక. ఆధారం ఇవ్వకుండా దాన్ని కోసేస్తే బండి మధ్యలో కుంగిపోతుంది. కుంగిన తరవాత కొత్త రేకు అతికిస్తే ఆ కుంగుడు శాశ్వతమై, తలుపులు జన్మలో సరిగా పడవు. అందువల్ల ముందు తలుపుల చుట్టూ సందులు కొలిచి రాసుకోండి. తలుపుల స్తంభాల మధ్య యాంగిలర్ (L ఆకారపు ఇనుప కమ్మీ) ముక్కలు అడ్డంగా పెట్టి టాక్ (చుక్కంత చిన్న వెల్డింగు) వేయండి. బండిని మధ్యలో జాకీ మీద వేలాడదీయకుండా, సస్పెన్షన్ బరువు పడే చోట్ల స్టాండ్ల మీద నిలబెట్టండి. ఒక్కసారి ఒక్క పక్కే కోయండి. అది పూర్తయ్యాకే రెండో పక్క ముట్టుకోండి.

బ్యాటరీ తీగలు విప్పడం, సీట్లు, రబ్బర్లు తీసేయడం మీకు చెప్పనక్కరలేదు. పెట్రోలు ట్యాంకు గురించి మాత్రం గట్టిగా చెబుతున్నాను. వెల్డింగ్ అంటే ట్యాంకు బండి నుంచి దిగి, షెడ్డు దాటి బయటికి పోవాలి. ఖాళీ ట్యాంకే కదా, ఏమవుతుంది అనకండి. నిండు ట్యాంకు కన్నా ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే పెద్ద ప్రమాదం.

తుప్పు వదిలించడంలో ఎవరికి అలవాటైన పద్ధతి వారికి ఉంది. వైరు బ్రష్ పైపైన మెరుపు తెస్తుంది, కాని గుంటల అడుగున ఉన్న తుప్పును వదిలేస్తుంది. ఇసుక కొట్టించడం బలమైన ఫ్రేములకు బాగుంటుంది. బానెట్, రూఫ్ వంటి వెడల్పాటి రేకుల మీద ఒత్తిడితో కొడితే రేకు సాగి అలలు తేలుతుంది. అదీగాక నది ఇసుక దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేస్తుంది, దానికి మందు లేదు. ముఖానికి తువాలు కట్టుకోవడం రక్షణ కాదు.

విడిగా ఊడదీయగల చిన్న భాగాలకు నేను ఇష్టపడే పద్ధతి మొలాసిస్, అంటే పంచదార తీయగా మిగిలే నల్లటి పాకం. మన జిల్లాల్లో పంచదార ఫ్యాక్టరీలు ఉండబట్టి ఈ పదార్థం మనకు కొత్త కాదు. ఒక పాలు మొలాసిస్‌కు తొమ్మిది పది పాళ్లు నీళ్లు కలిపి, ఆ ముక్కను పూర్తిగా మునిగేలా రెండు మూడు వారాలు వదిలేయాలి. అది తుప్పును మెల్లగా కరిగిస్తుంది, మంచి ఇనుము జోలికి దాదాపుగా పోదు. వాసన భరించాలి, ఓపిక పట్టాలి. అల్యూమినియం ముక్కలను మాత్రం అందులో వేయకండి, తినేస్తుంది. తొందర ఉన్నవారు బట్టల సోడా నీటిలో బ్యాటరీ ఛార్జర్ పెట్టి తుప్పు దింపవచ్చు. అప్పుడు మన ముక్కకు నెగెటివ్ తీగ, పక్కన వేలాడదీసే పాత ఇనుప రేకుకు పాజిటివ్ తీగ తగిలించాలి. ఆ రెండో రేకు స్టెయిన్‌లెస్ స్టీలు కాకూడదు, దాని నుంచి విషపదార్థం నీటిలోకి దిగుతుంది. హైడ్రోజన్ వాయువు కూడా పుడుతుంది కనుక ఆ పని బయట గాలిలో, నిప్పుకు దూరంగా జరగాలి. ఫాస్ఫారిక్ యాసిడ్ కలిసిన ద్రావణాలు సన్నటి తుప్పుకు బాగానే పనిచేస్తాయి, కాని మడతల్లోకి పోయిన యాసిడ్‌ను కడగలేకపోతే అదే రేపటి తుప్పుకు విత్తనం అవుతుంది.

ఇక కోత. ఎంత కోయాలి? చిల్లు ఉన్నంత మేర కాదు. రేకు మళ్లీ పూర్తి మందంతో మెరిసే చోటు వరకు కోయాలి. చిల్లు అంచున వెల్డింగ్ మంట పెడితే అక్కడి పలచని రేకు కరిగిపోయి చిల్లు పెద్దదవుతూనే ఉంటుంది. ఆ అవస్థ ఈ వృత్తిలో ఉన్న ప్రతివారికీ తెలుసు. అలాగని అవసరం లేనిచోట కూడా మొత్తం ప్యానెల్‌నే తీసి పారేయడం నాకు ఇష్టం లేదు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. పద్మిని అంతకన్నా ఎంతో ముందే ఆగిపోయింది. ఆ ఫ్యాక్టరీ అచ్చుల్లో పడ్డ రేకు ఇక రాదు. బాగున్న ప్రతి అంగుళాన్నీ నిలబెట్టుకోవాలి, ఎందుకంటే ఆ వంపులు దానిలోనే ఉన్నాయి.

అతుకు ముక్కకు ముందు అట్టతో నమూనా కోసుకోండి. పాత రేకు మందాన్ని శుభ్రం చేసిన చోట కొలిచి, అదే గేజి (మందం కొలత) సీఆర్ రేకు, అంటే పూత లేని కోల్డ్ రోల్డ్ రేకు, తెచ్చుకోండి. ఇరవై గేజి అంటే సుమారు 0.9 మిల్లీమీటర్లు, పద్దెనిమిది గేజి అంటే 1.2 మిల్లీమీటర్లు. తుప్పు పట్టదని చెప్పి జీఐ రేకు, అంటే జింకు పూత పూసిన రేకు, వాడేవారున్నారు. ఇనుము కరగాలంటే దాదాపు 1500 డిగ్రీలు కావాలి, జింకు 907 డిగ్రీలకే మరిగి పొగ అవుతుంది. ఆ తెల్లటి పొగ పీల్చిన రాత్రి చలిజ్వరం వస్తుంది, అతుకులో బుడగలు కూడా పడతాయి. తప్పనిసరిగా వాడవలసివస్తే అంచుల్లో జింకు పూత పూర్తిగా గీకేసి, గాలి ఆడే చోట వెల్డింగ్ చేయండి.

ముక్క మూలలు కోణాలుగా ఉంచకుండా గుండ్రంగా కోయండి. పాత రేకు మీద కొత్త రేకు ఎక్కించి చుట్టూ వెల్డింగ్ కొట్టడం, రివెట్లు బిగించి పైన పుట్టీ పూయడం మన ఊళ్లలో ఎక్కువగా చూస్తున్నాం. రెండు రేకుల మధ్య మిగిలిన సందులోకి నీరు ఎక్కుతుందా లేదా? ఎక్కుతుంది. ఎక్కిన నీరు బయటికి వస్తుందా? రాదు. నీటికి మన చేతులతో మనమే ఇల్లు కట్టి ఇచ్చినట్టు కాదా? అంచుకు అంచు చేర్చి, మధ్యలో రేకు మందమంత సందు ఉంచి కలపడమే సరైన పద్ధతి. కష్టమే, కాని నేర్చుకోవలసింది అదే.

తమ్ముళ్లారా, వెల్డింగ్ దగ్గర తొందరపడవద్దు. ఎదురెదురు మూలల్లో టాక్ వేయండి, తరవాత వాటి మధ్యలో, మళ్లీ ఆ మధ్యల మధ్యలో. ఒక టాక్ వేసిన చోట చేయి పెట్టగలిగేంత చల్లారాకే దాని పక్కన ఇంకొకటి వేయండి. గీత గీసినట్టు ఒక చివర నుంచి ఇంకో చివరకు ఒకే ఊపులో లాగారంటే రేకు ముడుచుకుపోతుంది. వేడికి వ్యాకోచించిన రేకు చల్లారేటప్పుడు మొదటికన్నా ఎక్కువ కుంచించుకుపోవడమే దానికి కారణం. కుంచించుకున్న అతుకు కింద డాలీ (చేతిలో పట్టే ఇనుప దిమ్మ) ఆనించి, సుత్తితో సన్నగా కొట్టి సాగదీస్తే ప్యానెల్ మళ్లీ తన వంపుకు వస్తుంది. గ్యాస్ వెల్డింగ్ అతుకు మెత్తగా ఉండి ఈ దెబ్బలకు లొంగుతుంది. మిగ్ వెల్డింగ్ (కరెంటుతో తీగను కరిగించేది) వేడి తక్కువ వ్యాపింపజేస్తుంది కాని అతుకు గట్టిగా ఉంటుంది, గ్రైండ్ చేసి పలచన చేశాకే కొట్టాలి. రెండూ తెలిసి ఉండడం మంచిది. చేతితో బాడీ పని నేర్చుకునేవారు గ్యాస్‌తో మొదలుపెడితే లోహం ఎలా కదులుతుందో కంటికి తెలుస్తుందని నా అభిప్రాయం.

సొట్టల విషయానికి వస్తే, రేకు ఏ క్రమంలో లోపలికి పోయిందో దానికి సరిగ్గా తిరుగు క్రమంలో బయటికి రావాలి. చివర పడిన మడతను ముందు తీయాలి. నడి సొట్టలో సుత్తితో బాదితే రేకు సాగిపోయి, పైకి వచ్చినా నిలవదు, వేలు పెడితే లోపలికీ బయటికీ టప్పుమంటుంది. అలా సాగిన చోట రూపాయి బిళ్లంత మేర ఎర్రగా కాల్చి, చుట్టూ తేలికగా తట్టి, తడిగుడ్డ అద్దితే రేకు కుదించుకుంటుంది. ఒక్కొక్క చోటే చేయండి, ప్రతిసారీ చేతితో తడిమి చూడండి. కన్ను పట్టుకోలేని ఎత్తుపల్లాన్ని అరచేయి పట్టుకుంటుంది.

పుట్టీ గురించి నన్ను చాలామంది అడుగుతారు, పుట్టీ వాడటం తప్పా అని. తప్పు కాదు. రేకును నూటికి తొంభై పాళ్లు సుత్తితోనే సరిచేసి, చివరి సన్నటి పల్లాలకు రెండు మూడు మిల్లీమీటర్లకు మించకుండా వాడితే పుట్టీ మంచి వస్తువే. కాని అది నీటిని పీల్చుకుంటుంది. వెనకవైపు తెరిచి ఉన్న అతుకు మీద పూస్తే ఆ సందుల్లోంచి తేమ పుట్టీలోకి వస్తుంది, పుట్టీ రేకును వదిలేస్తుంది. అందుకే ముందు ఎపాక్సీ ప్రైమర్ (తేమను ఆపే తొలి పూత), దాని మీద పుట్టీ. నా పద్ధతి ఇది, మన వాతావరణానికి దీన్నే నేను సిఫారసు చేస్తాను.

రుద్ది శుభ్రం చేశాక, ప్రైమర్ కొట్టే దాకా ఉత్త రేకును చేత్తో ముట్టుకోకండి. మీరు నమ్మకపోతే ఒక పని చేయండి. ఒక రేకు ముక్కను మెరిసేలా రుద్ది, చెమట పట్టిన అరచేతిని దాని మీద ఆనించి వదిలేయండి. మర్నాడు చూస్తే అయిదు వేళ్లూ, వేలి గీతలతో సహా, తుప్పురంగులో అచ్చుపడి ఉంటాయి. చెమటలో ఉప్పు చేసే పని అది. మన దగ్గర పొద్దున శుభ్రం చేసిన రేకు సాయంత్రానికి ఎర్రబారుతుంది. ఎంత మేర ఆ రోజు ప్రైమర్ వేయగలరో అంత మేరే రుద్దండి. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ ఒక చేయి వేసి నెలల తరబడి బండిని బయట పెట్టడం కూడా పొరపాటే. అది తేమను ఆపలేదు, పైన రంగు పడితేనే దానికి విలువ.

రంగు నా విషయం కాదు, రెండు మాటలే చెబుతాను. ముసురు పట్టిన రోజున ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) రంగు కొడితే తిన్నర్ ఆవిరయ్యేటప్పుడు రేకు చల్లబడి, గాలిలో తేమ దాని మీద కూర్చుని రంగు తెల్లగా మసకబారుతుంది. ముసురు విడిచి, మంచు ఆరిన తరవాతే రంగు కొట్టే తుపాకీ పట్టండి. పీయూ (పాలీయురేథేన్) రంగులను గట్టిపరచే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు అనే, ఊపిరికి హాని చేసే రసాయనాలు ఉంటాయి. సరైన మాస్కు లేకుండా వాటి దగ్గరకు పోవద్దు.

అందరూ వదిలేసే పని చివర ఉంది. బయట రంగు పడగానే యజమాని బండి తీసుకుపోతాడు. లోపలి సంగతి ఎవరు చూస్తారు? వెల్డింగ్ వేడికి అతుకు వెనకవైపు పాత ప్రైమర్ కాలిపోయి, రేకు ఉత్తగా ఉంటుంది. సన్నటి గొట్టం ఉన్న స్ప్రేతో తలుపుల్లోకి, బాక్స్ సెక్షన్లలోకి, హెడ్‌లైటు వెనక మడతల్లోకి మైనపు ద్రావణం కొట్టాలి. మడతల్లోకి అది దానంతట అదే పాకుతుంది. పాడైన ఇంజన్ ఆయిలు కొట్టే అలవాటు మానండి, అది రబ్బరు బుష్షులను ఉబ్బించి పాడుచేస్తుంది, కారి నేల మీదా పడుతుంది. అడుగున పాతకాలపు తారు పూత ఉంటే, అది బీటలు వారిన చోట దాని వెనక నీరు చేరుతుంది కాబట్టి ఊడుతున్నంత మేరా గీకి తీసేయండి.

మైనం కొట్టిన తరవాత ఇలా పరీక్షించండి. తలుపు అద్దం దించి, అద్దం పక్క సందులోంచి ఒక చెంబు మంచినీళ్లు పోయండి. తలుపు అడుగున ఉన్న రంధ్రాలన్నింటి నుంచీ ఆ నీరు నిమిషంలోపు కారిపోవాలి. ఏ రంధ్రమైనా కారకపోతే అది మైనంతోనో పుట్టీతోనో మూసుకుపోయినట్టు. తీగతో పొడిచి తెరవండి, మళ్లీ పోసి చూడండి. బాక్స్ సెక్షన్ అడుగు రంధ్రాలకు కూడా ఇదే పరీక్ష. మన ప్రాంతంలో ఏటా తొలకరికి ముందొకసారి, ఈశాన్య రుతుపవనం వెళ్లిపోయాక ఇంకొకసారి ఈ రంధ్రాలు చూసుకోవాలి. ఇప్పుడు ఈ తలుపు దగ్గరకు రండి, దీని అడుగు అంచు కోసి ఉంచాను. లోపలి నుంచి తుప్పు ఎలా బయలుదేరిందో చూస్తూ మీ ప్రశ్నలు అడగండి.